నేల మరచిపోని బరువు

కొంతకాలము క్రిందట ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. వారు కేరళ తీరమున నున్న బంధువుల యింటికి వెళ్లి వచ్చినారట. అచట చిత్తడినేలమీద క్రొత్త రహదారి వేయుచుండగా ఒక వింత చూచినారట. పనివారు లారీలతో ఇసుకయు మట్టియు తెచ్చి, రహదారికి కావలసిన ఎత్తుకంటె ఎంతో ఎత్తుగా గుట్ట పోసి, దానిని అట్లే విడిచి వెళ్లిపోయిరి. మరుసటి ఏడు వారు మరల వెళ్లి చూచునప్పటికి అదే గుట్ట పైభాగమును త్రవ్వి, లారీల కెత్తి, మరొకచోటికి తరలించుచున్నారు. “పోయుట ఏల? తీయుట ఏల? ప్రజల సొమ్ము ఇట్లు పోసి ఎత్తుటకేనా?” అని వారి ప్రశ్న.

ప్రశ్న న్యాయమైనదే. పని చూచినవానికి అది వృథాశ్రమగానే తోచును. కాని ఆ గుట్ట అచట ఊరకే పడియున్న ఏడాదిలో నేలలోపల ఒక పెద్ద పని జరిగినది. అది కంటికి కనబడదు, చెవికి వినబడదు. ఆ పని ఏమో, దానిని మానవుడు ఎట్లు తెలిసికొనెనో, తెలియకముందు ఎంత మూల్యము చెల్లించెనో నేడు శ్రోతలతో ముచ్చటింప దలచినాము.

ముందుగా నేలను గురించి రెండు మాటలు. మనము సాధారణముగా నేల అనగా రాయి అరిగి ఏర్పడిన ఇసుక, ఒండ్రు, బంకమన్ను అనుకొందుము. కాని లోకమున మరొక జాతి నేల కలదు. నీరు నిలిచియుండు పల్లపుప్రదేశములలో నాచు, రెల్లు, తుంగ, చెట్ల వేళ్లు, ఆకులు ఏటేట పడుచుండును. నీటిక్రింద గాలి సోకదు గాన అవి పూర్తిగా కుళ్లవు. సగము కుళ్లి, సగము నారగా మిగిలి, వేల సంవత్సరములు పొరమీద పొరగా పేరుకొనును. దీనినే పీట్ నేల యందురు. హాలండు దేశమున సగము చరిత్ర ఈ నేలమీదనే నడచినది. ఇంగ్లండు, ఐర్లండు, రష్యా, కెనడా, ఇండొనీషియా, మలేషియాలలో ఇది విస్తారముగా కలదు. మన దేశములో కేరళలోని కుట్టనాడున సముద్రమట్టమునకు దిగువన వరి పండించు పొలములలో ‘కరి’ అను నల్లని నేలలు కలవు. వానిలో పూర్వపు అడవుల కలప నల్లబడి ముక్కలుగా నేటికిని దొరకును.

ఈ నేలను చేతిలోనికి తీసికొని పిడిచినచో వ్రేళ్లసందులనుండి గోధుమరంగు నీరు కారును. మిగులునది గుప్పెడు పీచు. ఎండబెట్టి తూచినచో దానిలో ఎండు పదార్థము ఒక పాలుండగా నీరు అయిదు పాళ్లు, పది పాళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు ఉండును. అనగా అది నేల అనుటకంటె పీచుతో కట్టిన నీరు అనుట సబబు. ఇట్టి నీటిమీద మానవుడు ఇల్లు కట్టవలెను, రోడ్డు వేయవలెను, రైలు నడుపవలెను, వరదను ఆపు కట్ట పోయవలెను.

ఇచట ఒక చిన్న లెక్క చెప్పెదము. పీట్ బరువు ఇంచుమించు నీటి బరువునకు సమానము. నీటిలో మునిగియుండుటచే దాని సొంత బరువు దాదాపుగా తేలిపోవును. కావున ఒక మీటరు లోతున నున్న పీచుమీద, దాని పైనున్న పొర మోపు నిజమైన భారము చదరపు మీటరునకు నూరు కిలోలు కూడ ఉండకపోవచ్చును. ఇక మనుష్యుని సంగతి చూడుడు. అరువది కిలోల మనుష్యుడు నిలిచియుండగా ఆతని రెండు పాదములు ఆక్రమించు చోటు చదరపు మీటరులో ఇరువదియైదవ వంతు. అనగా ఆతడు మోపు ఒత్తిడి చదరపు మీటరునకు పదునైదువందల కిలోలు. ఒక మీటరు ఎత్తున పొడి ఇసుక పోసినను ఇంచుమించు అంతే. వేల ఏండ్లు నూరు కిలోలు కూడ మోసి ఎరుగని నేలమీద ఒక్కసారిగా పదునైదువందలు పెట్టినచో అది ఏమి చేయును? కాలు దిగబడును. కట్ట ప్రక్కకు జారును.

ఈ సంగతిని పూర్వము తెలిసికొన్నవారిలో రైలు ఇంజనీరు జార్జి స్టీఫెన్‌సన్ ఒకడు. లివర్‌పూల్, మాంచెస్టరు నగరముల నడుమ రైలుదారి వేయునపుడు చాట్ మాస్ అను పీట్ నేల అడ్డువచ్చెను. దానిని దాటవలసిన దూరము ఇంచుమించు ఏడున్నర కిలోమీటర్లు. అది అసాధ్యమని పేరుపొందిన ఇంజనీర్లే పలికిరి. పని మొదలుపెట్టినపుడు పోసిన మట్టి పోసినట్లే మ్రింగుడుపడెను. ఒకచోట నెలల తరబడి మట్టి పోసినను కట్ట పైకి లేవలేదు. స్టీఫెన్‌సన్ పట్టు విడువలేదు. ఇరువైపుల కాలువలు తీయించి నీరు లాగించెను. నీరు లాగిన కాలువల గోడలు మరల మూసికొని పోవుచుండగా, పాత పీపాల అడుగులు ఊడదీసి ఒకదాని కొకటి చేర్చి గొట్టముగా పరపించెను. పొదలకొమ్మలతో తడకలు అల్లించి నేలమీద పరపించి, వానిమీద మట్టిని కొంచెము కొంచెముగా పోయించెను. 1830వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఆ రైలుమార్గము ప్రారంభమయ్యెను. నేటికిని అచట రైళ్లు నడచుచున్నవి.

స్టీఫెన్‌సన్‌కు ఉపాయము తెలిసినది గాని దాని కారణమును శాస్త్రముగా చెప్పినవారు అప్పటికి లేరు. అందులకు మరి నూరేండ్లు పట్టెను. ప్రేగ్ నగరమున 1883లో జన్మించిన కార్ల్ టెర్జాగీ అను ఇంజనీరు ఇస్తాంబులులో అధ్యాపకుడుగా ఉండి, చేతికి దొరికిన పనిముట్లతోనే ఉపకరణములు కూర్చుకొని, తడి బంకమన్నును నొక్కి నొక్కి చూచెను. 1925లో ఆయన గ్రంథము వెలువడెను. నేలలను గూర్చిన నేటి ఇంజనీరింగు శాస్త్రమునకు అదియే పునాది అని చెప్పుదురు.

ఆయన కనుగొన్న మాటను మన యింటి మాటలలో చెప్పవచ్చును. తడి నేలలో ఇద్దరు కూలీలున్నారు. ఒకడు గట్టి పదార్థము, అనగా పీచు, రేణువులు. రెండవవాడు సందులలోని నీరు. పైన బరువు పెట్టగానే ముందుగా దానిని నీరు భుజము మీదికి ఎత్తుకొనును. నీరు నొక్కినను అణగదు గదా! కాని నీరు నమ్మదగిన కూలి కాడు. సందు దొరికిన చోటునకు మెల్లమెల్లగా జారుకొనును. ఆతడు జారుకొన్నకొలది బరువు పీచుమీదికి వచ్చును. పీచు అణగి, ఒకదాని నొకటి గట్టిగా పట్టుకొనును. నేల జారకుండ నిలుచుటకు కావలసిన బలము ఈ పట్టులోనే యున్నది. నీటికి అట్టి పట్టు లేదు. కావున నేల బలము పైన ఎంత బరువున్నది అనుదానిమీద గాక, ఆ బరువులో పీచు మోయుచున్న పాలు ఎంత అనుదానిమీద ఆధారపడియుండును.

ఇందుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది, బరువు పెట్టి ఓపిక పట్టినచో నేల తనంత తాను బలపడును. రెండవది, ఓపిక పట్టక తొందరపడినచో బరువంతయు నీటిమీదనే యుండి, బలము రాకముందే భారము మించి, నేల విరిగిపోవును. మందే విషమగుట యన ఇదియే. అదే మట్టి, అదే ఎత్తు. ఆరు మాసములలో పోసినచో కట్ట నిలుచును, ఆరు దినములలో పోసినచో కూలును.

మన పల్లెలలో మట్టిగోడ పెట్టు పెద్దలకు ఈ సూక్ష్మము చేతికి తెలిసినదే. వారు ఒక వరుస పెట్టి, రెండు మూడు దినములు ఆగి, అది గట్టిపడినపిమ్మట రెండవ వరుస పెట్టుదురు. ఒక్కనాడే గోడయంతయు లేపుడని తొందరపెట్టిన యజమానునితో “గోడ కావలెనా, దిబ్బ కావలెనా?” అని అడుగుదురు. అచట నీరు ఎండకు ఆరును, ఇచట బరువునకు పిండబడును. తేడా అంతియే.

ఇప్పుడు శ్రోత అడిగిన అసలు ప్రశ్నకు వత్తము. బరువు పెట్టి బలము తెచ్చిన సరే, పెట్టిన బరువును మరల తీసివేయుట ఏల? తీసివేసినపిమ్మట వచ్చిన బలము కూడ పోదా?

ఇచటనే నేల యొక్క విచిత్రగుణము కానవచ్చును. నేలకు జ్ఞాపకశక్తి కలదు. మన యిండ్లలో క్రొత్తగా కుట్టిన బూరుగుదూది పరుపు మొదటినాడు ఎత్తుగా ఉబ్బి, కూర్చున్నంతనే క్రిందికి దిగును. నాలుగేండ్లు పండుకొన్న పరుపు అట్లు దిగదు. ఎవరును దానిమీద లేనప్పుడు కూడ అది గట్టిగానే యుండును. ఏకులవాడు వచ్చి దూదిని ఏకిననే గాని పూర్వపు ఉబ్బు రాదు. పీట్ నేలను ఏకు ఏకులవాడు లేడు. ఒకసారి అణగిన పీచు బరువు తీసినపిమ్మట కొంచెము మాత్రమే లేచును. తక్కిన అణకువ అట్లే నిలిచిపోవును. అది పూర్వము మోసిన పెద్ద బరువును మరచిపోదు.

ఈ జ్ఞాపకమును కొలుచు ఉపాయము కూడ కలదు. భూమిలోనుండి చెదరకుండ తీసిన నేలముక్కను లోహపుటుంగరములో నుంచి, పైన బరువులు క్రమముగా పెంచుదురు. అది పూర్వము మోసిన బరువు వచ్చువరకు కొంచెము కొంచెముగానే అణగును. ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా ఎక్కువ అణగుట మొదలుపెట్టును. ఆ మలుపును గుర్తించి, “ఈ నేల ఇంతవరకు మోసినది ఇంత” అని చెప్పు పద్ధతిని ఆర్థర్ కాసాగ్రాండ్ అను శాస్త్రవేత్త 1936లో ప్రకటించెను. నేలను సాక్షిపీట నెక్కించి గతమును చెప్పించుట యన్నమాట.

ఆ జ్ఞాపకము విలువ ఎంత? ఒక ఉదాహరణ తీసికొందము. మెత్తని పీట్ నేలలో ఒకచోట పీచు చదరపు మీటరునకు 500 కిలోలు మోయుచున్నదనుకొనుడు. ఇట్టి నేలలు త్వరగా జారునపుడు చూపు బలము అవి మోయు బరువులో ఇంచుమించు పదింట నాలుగైదు వంతులుండును. నాలుగు వంతులే అనుకొన్నచో బలము 200. ఇక మరి 1500 కిలోల ఇసుక పోసి, నీరు పోవువరకు ఆగినచో పీచు మోయునది 2000 అగును, బలము 800 అగును. అనగా నాలుగురెట్లు. ఇప్పుడు ఇసుకయంతయు తీసివేసినచో బరువు మరల 500 అగును. బలము మాత్రము మరల 200 కాదు. మెత్తని నేలలకు పరీక్షలలో తేలిన సూత్రము ననుసరించి లెక్కించినచో అది ఇంచుమించు 600 వద్ద నిలుచును. నాలుగింట మూడు వంతులు మన చేతిలో మిగిలినవి. పోసి ఎత్తిన ఇసుక కూలి ఊరక పోలేదని దీనివలన విశదము.

లాభము మరొకటి కూడ కలదు. రోడ్డు మోయవలసిన బరువుకంటె ఎక్కువ బరువును నేల ముందే మోసియున్నది గాన, తరువాత రోడ్డు వేసినపుడు అది మరల ఎక్కువగా అణగదు. మూడు మీటర్ల పీట్ పొర బరువుక్రింద ఒక మీటరు అణగుట వింత కాదు. ఆ అణగుట రోడ్డు వేయకముందే జరుగుట మేలా? వేసినపిమ్మట వంతెన ఒక ఎత్తున, రోడ్డు ఒక పల్లమున నిలుచుట మేలా?

పీట్ విషయమున ఓపిక ఎంత కావలెననుట మరొక చిక్కు. మొదట దానిలో సందులు పెద్దవి. నీరు వేగముగా పోవును. అణగినకొలది సందులు మూసికొని, అదే నీరు ఎంతో నిదానముగా పోవును. నీరంతయు పోయినపిమ్మట కూడ పీచు తనలో తాను సర్దుకొనుచు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా అణగుచునే యుండును. హాలండులోని డెల్ఫ్ట్ ఆచార్యుడు కెవెర్లింగ్ బ్యూస్మన్ దీర్ఘకాలము పరీక్షలు చేసి, ఈ అంతులేని అణకువను గూర్చి 1936లో శాస్త్రజ్ఞుల మహాసభకు నివేదించెను. ఎక్కువ బరువును ముందే పెట్టి తీసినచో ఈ తరువాతి అణకువ చాలవరకు తగ్గును.

కాలమును తగ్గించు ఉపాయములు కూడ వచ్చినవి. నీరు పోవలసిన దూరము సగమైనచో కాలము నాలుగవ వంతగునని టెర్జాగీ సిద్ధాంతము. అందుచేత నేలలో నిలువుగా బెజ్జములు పొడిచి ఇసుకతో నింపి, నీటికి దగ్గరిదారి చూపిరి. స్వీడను ఇంజనీరు వాల్టర్ షెల్మన్ ఇసుకకు బదులు అట్టపట్టీలను దించెను. నేడు ప్లాస్టిక్ పట్టీలు వాడుచున్నారు. నేలమీద గాలిచొరని పొర పరచి లోపలి గాలిని యంత్రముతో లాగివేసినచో వాతావరణమే పైనుండి బరువై నొక్కునని 1952లో చూపినవాడును ఆ షెల్మనే. అచట మట్టి మోయుటయు లేదు, ఎత్తుటయు లేదు.

ఈ శాస్త్రము గ్రంథాలయములలో మాత్రమే పుట్టినది కాదు. దీని వెనుక ఒక విషాదము కలదు. 1918వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన హాలండులో వేస్ప్ అను పట్టణము దగ్గర, ఆమ్‌స్టర్‌డామునకు పోవుచున్న రైలు కాలువమీది వంతెనను సమీపించుచుండెను. వంతెన నెక్కుటకు పోసిన కట్ట కొన్ని దినములుగా కురిసిన వానలకు నానియుండెను. రైలు బరువు తాకినంతనే కట్ట ప్రక్కకు జారిపోయెను. పెట్టెలు పల్లములోనికి దొర్లినవి. నలుబదియొక్క మంది మరణించిరి. పట్టాలు సరిగానే యున్నవి, వంతెన సరిగానే యున్నది. తప్పినది మట్టిలోని నీటిని గూర్చిన లెక్క. ఆ లెక్క తెలిసినవారు అప్పటికి ఆ దేశమున లేరు. నేలలను శ్రద్ధగా పరిశోధింపవలెనను ఆలోచన హాలండులో అటుపిమ్మట బలపడెను. 1934లో డెల్ఫ్ట్‌లో నేలల పరిశోధనాలయము నెలకొనెను. బ్యూస్మన్ దానికి ఆద్యులలో ఒకడు. ఆయన రెండవ ప్రపంచయుద్ధకాలమున జపానువారి నిర్బంధశిబిరములో 1944లో కన్నుమూసెను. ఆయన మొదలుపెట్టిన పరీక్షల పరంపర మాత్రము ఆగలేదు.

ఆ పరంపరలో ఇటీవల జరిగిన ఒక పని చెప్పదగినది. ఆమ్‌స్టర్‌డామునకు ఉత్తరమున ఉయిట్‌డామ్ అను చిన్న గ్రామము కలదు. అచట పెద్ద సరస్సునకును దిగువనున్న పొలములకును నడుమ శతాబ్దముల నాటి కట్ట పీట్ నేలమీద నిలిచియున్నది. ఆ కట్ట క్రింది నేల బలమెంత? తక్కువగా లెక్కించినచో కట్టను ఎంతో వెడల్పు చేయవలెను. కట్ట నంటియున్న ఇండ్లు, తోటలు, పాత ఊళ్ల రూపురేఖలు పోవును. ఎక్కువగా లెక్కించినచో ఒక తుపాను రాత్రి కట్ట తెగి ప్రాణములు పోవును. రెండు తప్పులలో ఏది చిన్నదని ఎంచుకొనుటకు వీలులేదు. నిజము తెలిసికొనవలసినదే. కావున ఇంజనీర్లు ప్రయోగశాలలోని చిన్న ముక్కలతో తృప్తిపడక, అచటి నేలమీదనే నిజమైన పరిమాణములో బరువులు పెట్టి, నేల విరుగువరకు చూచిరి. తాకనట్టి నేలను పరీక్షించిరి, ముందుగా బరువు మోసిన నేలను కూడ పరీక్షించిరి. ముందుబరువు పీట్ బలమును స్పష్టముగా పెంచునని ఆ క్షేత్రపరీక్షలు చూపినవి. ఆ ఫలితములను 2015లో ప్రకటించిరి.

ఇచట మన పరుపు ఉపమానము మరల పనికివచ్చును. పాత పరుపు నడుమ గట్టిపడియుండును. ఎవరును పండుకొనని అంచు మెత్తగానే యుండును. అంచున కూర్చున్నవాడు జారును. శతాబ్దముల నాటి కట్ట సంగతియు అట్టిదే. కట్ట నడిమి బరువు మోసిన పీట్ బలిసియున్నది. కట్ట పాదమునకు ఆవల, పచ్చిక క్రిందనున్న పీట్ ఏ బరువును మోసి ఎరుగదు. వరదనీరు త్రోయునపుడు కట్ట జారునది ఆ మెత్తని పాదము వైపునకే. కట్ట శిఖరముమీద బెజ్జము పొడిచి, గట్టి నేల వచ్చినదని సంతోషించి, పాదమునకు కూడ అదే బలమును లెక్క వ్రాసినవాడు ఊరిని ముంచును. పాదమువద్ద తీసిన మెత్తని నేలనే కట్టయంతటి క్రింద నున్నట్లు భావించినవాడు ఊరివారి ఇండ్లను అకారణముగా కూల్చును. ఎచటి నేల ఎంత మోసినదో అచటనే అడిగి తెలిసికొనవలెను.

ఇంతవరకు ముందుబరువు మహిమ చెప్పినాము. దాని హద్దులు కూడ చెప్పనిచో మాట సగమే చెప్పినట్లగును.

నీరు తోడివేయుట కూడ ఒక విధమైన ముందుబరువే. నీటిమట్టము దిగినచో అంతవరకు తేలియున్న నేల తన బరువును తానే మోయవలసి వచ్చి అణగును. ఇంగ్లండులో విటిల్సీ మీర్ అను పెద్ద సరస్సును 1851లో ఎండగట్టిరి. ఆ సమీపమున హోమ్ ఫెన్ అనుచోట ఒక ఇనుపస్తంభమును పీట్‌లో నిలువుగా దింపి, దాని తలను నేలమట్టమునకు సమముగా నుంచిరి. నేడు ఆ స్తంభము ఇంచుమించు నాలుగు మీటర్లు నేలపైకి కనబడుచున్నది. స్తంభము లేవలేదు, నేల దిగినది. దిగుటకు కారణము బరువు మాత్రమే కాదు. నీరు పోయినచోట గాలి ప్రవేశించి, వేల ఏండ్లు కుళ్లక నిలిచిన పీచు కుళ్లి, బొగ్గుపులుసు వాయువై ఎగిరిపోయినది. నేలను గట్టిపరచుట వేరు, నేలనే పోగొట్టుకొనుట వేరు. నీటిలోనే యుంచి బరువుతో నొక్కిన పీట్ నిలుచును. ఎండకు విడిచిన పీట్ హరించిపోవును.

రెండవ హద్దు, జ్ఞాపకమొక్కటే నేలను నిలుపజాలదు. ఇప్పటి బరువు కూడ కొంత ఉండవలెను. 2003వ సంవత్సరమున హాలండులో వర్షములు లేని వేసవి వచ్చెను. విల్నిస్ అను గ్రామము వద్ద కాలువకట్ట పీట్‌తోనే కట్టినది. ఎండకు కట్టలోని నీరు ఇంకి, కట్ట తేలికయయ్యెను. ఆగస్టు 26వ తేదీ రాత్రి ప్రక్క కాలువలోని నీరు త్రోయగా కట్ట ముక్క ప్రక్కకు జరిగిపోయి, నీరు ఇండ్ల వీథులలో ప్రవేశించెను. ప్రాణనష్టము లేకుండుట అదృష్టము. వరదలో తెగిన కట్టలను లోకము చూచియున్నది గాని, వానలు లేక తెగిన కట్ట చాలమందికి క్రొత్త. ఎన్నో ఏండ్లు నిలిచిన కట్ట ఒక్క వేసవిలో బరువు కోల్పోయి ఓడిపోయినది. ఆనాటినుండి అచట ఎండకాలములో కూడ పీట్ కట్టలను తిరిగి చూచు ఏర్పాటు బలపడినది.

శ్రోత ప్రశ్నకు ఇక సమాధానము చెప్పి విరమింతుము. అయ్యా, మీరు చూచిన గుట్ట రోడ్డు కాదు, రోడ్డునకు గురువు. నేలకు పాఠము నేర్పి వెడలిపోయినది. పాఠము వచ్చినదో లేదో తెలిసికొనుటకు ఇంజనీర్లు గుట్ట అడుగున పలకలు పెట్టి అణకువను కొలుతురు, గొట్టములు దింపి నీటి ఒత్తిడిని కొలుతురు. ఒత్తిడి తగ్గి, అణకువ నెమ్మదించినదని లెక్కలు చెప్పిననాడే పైమట్టిని తీయుదురు. ఆ మట్టియు వృథా కాదు. దానిని తరువాతి మైలులో పోయుదురు.

కాని మీ ప్రశ్నలో ఒక హెచ్చరిక కూడ కలదు. పోసినవారు కొలిచినారా? కొలిచినపిమ్మటనే తీసినారా? లేక ప్రారంభోత్సవపు తేదీ దగ్గరపడినదని తీసినారా? అట్టి తొందరకు నేల ఒప్పుకొనదు. నీరు పోవుటకు పట్టు కాలమును ఏ ఉత్తర్వును తగ్గింపజాలదు. మీ వైపు ఎచటనైన చిత్తడినేలమీద గుట్ట పోసి ఊరకున్నచో పని ఆగిపోయినదని విసుగుకొనకుడు. దానిని ఎన్ని మాసములు ఉంచెదరని, ఏమి కొలుచుచున్నారని అడుగుడు. ఆ ప్రశ్న అడుగు హక్కు ఆ రోడ్డుమీద నడువబోవు వారందరికి కలదు.